ఉనవటునలో ఏడు పిడికిళ్ల ఎర్రబియ్యం

శ్రీలంక పోయొచ్చామని తెలిసినప్పటి నుంచీ మా కోయిలకుంట్లలో నన్ను ఆపి అడగని మనిషి లేడు. సముద్రం ఎట్లుంది, ఖర్చెంత, ఏనుగులు కనబడినాయా, ఇవన్నీ రెండో మాట. మొదటి మాట మాత్రం అందరిదీ ఒకటే: "ఆదివారం ఏం జేస్తిరి?" ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక నాకు లేదు. అందుకే రాస్తున్నాను. పోనివాళ్లు చదువుకోండి. పోయొచ్చినవాళ్లు తప్పులు వెతకండి. వాదించడానికి నాకూ ఎవరో ఒకరు కావాలి.

బయలుదేరక ముందే

ఆదివారం గురించి అంతమంది ఎందుకు అడిగారో చెప్పాలంటే మా అత్త సువార్తమ్మ గురించి చెప్పాలి. డెబ్బై దాటిన మనిషి. మా గుడిలో (చర్చిని మేం గుడి అనే అంటాం) పాత ఆచారం ఒకటుంది. పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ, బియ్యం కడగక ముందే ఒక పిడికెడు తీసి పక్కన వేయాలి. వారమంతా చేరినవి ఆదివారం గుడిలో అర్పించాలి. ఇప్పటి కోడళ్లు చాలామంది ఆ పిడికెడుకు బదులు పది రూపాయల నోటు పడేసి చేతులు దులుపుకుంటున్నారు. వాళ్లలో నేనూ ఉన్నాను, దాచుకునేదేముంది. మా అత్త అట్ల కాదు. నేను కాపరానికొచ్చి ఇరవై రెండేళ్లు. ఒక్క ఆదివారం ఆమె బియ్యం సంచి గుడి చేరకపోవడం నేను చూడలేదు. కుందూ పొంగి రోడ్డు మునిగిన వారం ట్రాక్టరెక్కి పోయింది. మామ చనిపోయిన వారం, ఇంట్లో పొయ్యి వెలగలేదు కదా అంటే, పక్కింటివాళ్లు తెచ్చిపెట్టిన అన్నానికి లెక్కగట్టి వాళ్లింటికే పోయి పిడికెడు అడిగి తెచ్చింది.

అట్లాంటి మనిషిని ఐదు రోజులు సముద్రతీరానికి తీసుకుపోతామంటే ఒప్పుకుంటుందా? నేనొక ఉపాయం చెప్పాను. "వారం బియ్యం ముందే ఇచ్చి పోదాం లే అత్తా."

"వండని అన్నానికి పిడికెడు యట్ల తీస్తావ్ సుశీలా? అది అర్పణ గాదు, అడ్వాన్సు."

బి.ఏ. చదివినదాన్ని, ఇంకో రెండు ఉపాయాలు చెప్పి చూశాను. రెండూ కొట్టేసింది.

చివరికి పాస్టరుగారి ముందర, స్త్రీల సమాజం అంతా వింటుండగా మాటిచ్చాను. ఏ దేశంలో ఉన్నా సరే, ఆదివారం పొద్దు గూకేలోపల ఆమె పిడికెడు ఒక గుడిలో పడుతుంది, పూచీ నాది అని. "పడకపోతే?" అంది అత్త. "నేను మళ్లీ నీతో వాదించను" అన్నాను. సమాజమంతా నవ్వింది. అత్త నవ్వలేదు. పెట్టె సర్దుకుంది.

కుసుమ వంటిల్లు

గురువారం రాత్రి ఉనవటున చేరాం. గాలే పట్నం పక్కనే ఉన్న తీరం. దిగింది హోటలు కాదు, కుసుమ అనే ఆమె నడిపే నాలుగు గదుల ఇల్లు. శుక్రవారం పొద్దున నేనూ, మా ఆయన దేవదానమూ, కూతురు స్నేహా నీళ్లలోకి దిగాం. అత్త కనబడలేదు. వెతికితే వంటింట్లో ఉంది. కుసుమకు సింహళం, మా అత్తకు తెలుగు. ఇద్దరి నడుమా బియ్యపు డబ్బా.

అత్త ఎసరు చూపించింది. బియ్యం చూపించింది. పిడికిలి బిగించింది. ఆకాశం వైపు చూపించింది. కుసుమ తల ఊపి, డబ్బాలోంచి తనే ఒక పిడికెడు తీసి అత్త కొంగులో వేసింది. తర్వాత నాతో వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పింది, వాళ్లమ్మ కూడా బౌద్ధ విహారానికని ఇట్లాగే తీసి ఉంచేదట. నేను నెలన్నర ఫోన్లో చూసి ఏర్పాటు చేసిన యాత్రలో నాకంటే ముందు ఈ దేశంతో మాట కలిపింది మా అత్త!

ఒక్క చిక్కొచ్చింది. అవి ఎర్రబియ్యం.

"ఇవి దేవునికి పెట్టొచ్చునా?" అంది అత్త అనుమానంగా.

"నువ్వు తినేది అవే కదా. ఆయనకు వేరే సోనామసూరి తెప్పించాల్నా?"

"నీ నోటికి తాళం లేదు," అంది గాని, మూట కట్టింది. సంచి తేలేదు, మా ఆయన తెల్ల చేతిరుమాలే మూట. ఆ రోజు నుంచి ప్రతి పూటా వంటింటి ముందు హాజరు. ఇడియాప్పం చేసిన పూట, పిండైనా బియ్యపుదే గదా అని దానికీ తీయించింది. ఆదివారం పొద్దుటికి ఏడు పిడికిళ్లు.

తిండి మాట కూడా చెప్పేస్తాను. పనసకాయ కూర, మన కొబ్బరి పచ్చడి లాంటి సంబోల్, పప్పు, ఇంకా పేరు తెలియని రెండు ఆకుకూరలు, అన్నిటిలోనూ కొబ్బరిపాలు. కారం తక్కువంటారని విన్నాను. అబద్ధం. సంబోల్ తిని మా ఆయన కళ్లు తుడుచుకున్నాడు, కర్నూలు మిరపకాయ తిని పెరిగిన మనిషి. అత్త తెచ్చుకున్న చెనిక్కాయల పొడి కుసుమకు ఎంత నచ్చిందంటే, డబ్బా ఖాళీ చేసి ఇచ్చింది. పసుపుపచ్చ కొబ్బరిబొండాలు ఒక్కోటి రెండు వందలు. అదిరిపడకండి, మన రూపాయికి వాళ్లవి మూడు పైన. అయినా నూట యాభైకి దించాను. అలవాటు.

సమాధుల నేల

ఆదివారం ఆరు గంటలకే మా ఆయన చొక్కా వేసుకొని, విషయం మెల్లగా బయటపెట్టాడు. తిమింగలాలు చూపించే పడవకు ముగ్గురికి మాట్లాడాడట. ఇప్పుడే పోవాలట.

"గుడి?"

"అమ్మను నువ్వు పిల్చుకపో. మేం చూసొస్తాం."

"ముగ్గురికి మాట్లాడినావు గదా, ఆ మూడో మనిషి ఎవురయ్యా?"

"నువ్వే. అమ్మకు నిమల్ తోడుంటాడని..."

నిమల్ అంటే మా డ్రైవరు, యాభై ఏళ్ల బక్కపలచని మనిషి. సింహళుడే గాని తమిళం బాగా వచ్చు. నాపరాళ్ల వ్యాపారం మీద లోడ్లతో మద్రాసు తిరిగీ తిరిగీ మా ఆయనకూ తమిళం వచ్చింది. అందుకని ఇద్దరికీ శుక్రవారమే దోస్తీ కుదిరింది. ఇద్దర్నీ కలిపే కడిగేశాను. పడవ రద్దయింది. స్నేహ మొహం మాడ్చుకుంది. "జేజి కోసం తిమింగలం పోయె," అని కారెక్కింది. అత్త మూట ఒళ్లో పెట్టుకొని ముందు సీట్లో కూర్చుంది.

గాలే కోటలో తెల్లగా మెరిసే పెద్ద చర్చి ఉంది. ఫోటోల్లో చూసి నేనే ఎంచుకున్నాను. తలుపు తెరిచే ఉంది. లోపల అడుగు పెట్టగానే మా ఆయన వంగి నేల తట్టడం మొదలుపెట్టాడు. నేలంతా రాతి పలకలు, పలకలనిండా చెక్కిన అక్షరాలు.

"సుశీలా, సూడు పనితనం! ఈ మందం రాయి మీద ఇంత లోతు చెక్కడం..."

"నాన్నా, అవి సమాధులు," అంది స్నేహ.

అత్త వాకిట్లోనే నిలబడిపోయింది. "మనుషుల మీద నడుచుకుంటా దేవుని దగ్గరికి పోవాల్నా? నేను రాను."

వచ్చే అవసరం కూడా లేకపోయింది. కాపలా ఉన్న పెద్దమనిషి మర్యాదగానే చెప్పాడు. ఇక్కడ ప్రతి వారం ఆరాధన జరగదు, ఈ వారం లేదు. చూసిపోయేవాళ్లకే తలుపు తీసి ఉంచాం అని. ఫోటోలన్నీ చూసిన నేను ఆ ఒక్క ముక్క అడగలేదు. తప్పు నాదే. ఒప్పుకోవడానికి నాకు ఎంత కష్టమో మా ఇంట్లో వాళ్లకు తెలుసు.

ఆయనే దారి చెప్పాడు. తీరం వెంట ఇంకా ముందుకు పోతే చిన్న చర్చి ఉంది, సాయంత్రం నాలుగున్నరకు ఆరాధన అని. అత్త ఎండ వైపు చూసింది. పొద్దు గూకేది ఆరుంబావుకు. "సరే," అంది. అంతే అంది. తిట్టినా బాగుండేది.

దాల్చినచెక్క, ఆపైన వాన

నాలుగున్నర దాకా ఏం చేయాలి? నిమల్ రత్నాల దుకాణం అన్నాడు. నేను వద్దన్నాను. మూలికల తోట అన్నాడు. అదీ వద్దన్నాను. "మేడం, మీరు దేనికి సరేనంటారు?" అన్నాడు పాపం. కొగ్గల సరస్సులో పడవకు సరేనన్నాను.

సరస్సు నడుమ చిన్న దీవి ఉంది. అక్కడొక ముసలాయన దాల్చినచెక్క ఒలిచి చూపించాడు. కొమ్మను ఇత్తడి కడ్డీతో రుద్ది, కత్తిమొనతో గీసి, లోపలి బెరడు కాగితంలా లాగేస్తాడు. మనం బిర్యానీలో వేసి తిట్టుకుంటూ ఏరి పారేసే చెక్క వెనక అంత పని ఉందని నాకు తెలియదు. ఒక కట్ట కొన్నాను, బేరం ఆడకుండా. మా ఆయన నా నుదురు తాకి చూశాడు.

తిరుగు పడవలో ఉండగా వాన పట్టుకుంది. మన దగ్గర వాన రావాలంటే నెల ముందు నుంచీ ఆకాశానికేసి చూడాలి. అక్కడ అడగకుండానే వస్తుంది, కుమ్మరిస్తుంది, పోతుంది. పది నిమిషాలే. అత్త మూటను రొమ్ముకు హత్తుకొని, దాని మీదికి వంగి కూర్చుంది. స్నేహ తన టోపీ తీసి మూట మీద కప్పింది. ఏం లాభం? ఒడ్డు చేరేసరికి రుమాలు పిండితే నీళ్లు కారాయి.

"తడిసిన బియ్యం ఎట్ల పెట్టేది?" అంది అత్త. ఆ గొంతు నేను మామ పోయినప్పుడు కూడా వినలేదు. "పొద్దుటికి పాసిపోతాయి. పాసిపోయేదాన్ని ఆయన ముందర పెట్టలేను సుశీలా."

కోట గోడ మీద

మళ్లీ గాలే దారి పట్టాం. అక్కడ వాన జాడే లేదు, ఎండ పెళపెళలాడుతోంది. కోట గోడ ఎంత వెడల్పంటే దాని మీద ఎద్దులబండి తోలొచ్చు. కింద సముద్రం, పైన విదేశీయులు, గొడుగుల కింద ప్రేమికులు. వాళ్ల నడుమ నా చున్నీ పరిచి, మా అత్త ఏడు పిడికిళ్ల బియ్యం పల్చగా నెరిపింది.

"ఇది నీళ్లు తాగే రాయి," అన్నాడు మా ఆయన అరచేత్తో తట్టి. "మన నాపరాయి అయ్యుంటే పావుగంటలో గలగలలాడేవి."

"ఊరు పొయ్యి ఒక బండ ఎత్తుకరాపో," అన్నాను.

కాకులొచ్చాయి. నలుగురం నాలుగు దిక్కులా కూర్చున్నాం. ఒక తెల్లావిడ ఫోటో తీసి ఇదేం కళ అని అడిగింది. స్నేహ పొద్దుటి నుంచీ మొదటిసారి నవ్వి, "లంచ్" అని చెప్పింది. ఇంతలో యూనిఫాం వేసుకున్న కాపలాదారు వచ్చాడు. ఇక్కడ ఆరబోయకూడదు అన్నాడు. ఏ నియమం ప్రకారం అని అడిగాను. గోడ దగ్గరున్న బోర్డు చూపించాడు. పోయి పూర్తిగా చదివొచ్చాను. మందు తాగకూడదు, చెత్త వేయకూడదు, అంచున నిలబడకూడదు. "బియ్యం అని యాడుంది?" అని ఆవేశంలో తెలుగులోనే అడిగాను. నిమల్ సింహళంలో ఏం చెప్పాడో గాని, అందులో చర్చి అన్న మాట ఒకటి నాకు తెలిసింది. కాపలాదారు మా అత్తను చూశాడు. చేతికర్ర పక్కన పెట్టి టోపీతో కాకుల్ని తోలడం మొదలుపెట్టాడు. గంటసేపు మాతోనే ఉన్నాడు.

మూడున్నరకు అత్త నాలుగు గింజలు పంటి కింద వేసి చూసింది. టక్కుమన్నాయి. "పాండి," అంది.

సాయంత్రం గుడి

చిన్న గుడి, ఎర్ర సిమెంటు నేల (మా ఆయన దాన్ని తట్టలేదు), యాభై మందికి సరిపడా బెంచీలు. మేం చెప్పులు వాకిట్లో విడిచి లోపలికి పోయాం. తర్వాత చూద్దును గదా, లోపలున్న వాళ్లందరి కాళ్లకూ చెప్పులున్నాయి! ఆడా మగా కలిసే కూర్చున్నారు. అత్త ఇవేమీ చూడలేదు. కొంగు తల మీదికి లాక్కొని, నేరుగా ముందుకు పోయి, ఎడమ పక్క నేల మీద కూర్చుంది, మా ఊర్లో ఆడవాళ్లు కూర్చునే చోట. ఒకాయన వచ్చి బెంచీ చూపించాడు. అత్త చేయి ఊపి నేల తట్టింది. నేనూ కూర్చోక తప్పలేదు. కాసేపటికి స్నేహ కూడా వచ్చి జేజి పక్కన కూర్చుంది.

సింహళంలో పాట ఎత్తుకున్నారు. రాగం మాకు తెలిసిందే, ఏ తెల్లదొరో మాకూ వాళ్లకూ పంచి పోయిన రాగం. అత్త తెలుగులో అందుకుంది. మా గుడిలో చరణాన్ని సాగదీస్తాం. వాళ్లు ఒక చరణం ముగించి ఊపిరి తీసుకునేసరికి మా అత్త ఇంకా సగంలో ఉంటుంది. చివరి చరణం వాళ్లు ముగించాక ఆమె ఒక్కతే పాడింది. మొత్తం గుడి ఆగి, ఆమె ముగించేదాకా వేచి, అప్పుడు ఆమేన్ అంది.

కానుకల పళ్లెం వచ్చింది. అత్త దాన్ని దాటించి, మూట పట్టుకొని లేచింది. నేరుగా ముందరున్న ఆరాధన బల్ల వైపు నడిచింది. ఇందాకటి ఆయన గబగబా అడ్డం వచ్చాడు. తల అడ్డంగా ఊపుతూ, ఇక్కడ వస్తువులు తీసుకోం అని ఇంగ్లీషులో మెల్లగా చెప్పాడు. మర్యాదలో లోపం లేదు. అత్త మూట చాచిన చేతులతో అట్లాగే నిలబడింది. కిటికీలో పొద్దు చెట్ల మీదికి దిగింది.

నేను లేచాను. గుడి మధ్యలో లేచి మాట్లాడిన అలవాటు మా ఊర్లో నాకుంది గాని, పరదేశంలో లేదు. నా ఇంగ్లీషు కడప కాలేజీలో పరీక్ష రాయడానికి నేర్చింది. దాంతోనే అడిగాను. మీ పళ్లెంలో కాగితం పడుతుంది, తిండి పడదా? ఈమె వండిన ప్రతిసారీ దేవుని భాగం ముందు తీసింది. మూడు రోజులు, ఏడు పిడికిళ్లు. వానలో తడిస్తే మీ కోట మీద ఎండబెట్టి తెచ్చింది. ఇక్కడ చోటు లేదంటే ఏ చోటికి పోవాలో మీరే చెప్పండి.

మా ఆయన తల దించుకున్నాడు.

వెనక బెంచీలోంచి ఒక ముసలామె గొంతు: "పిడి అరిసి! అయ్యా, అదు పిడి అరిసి!"

పిడి అరిసి అంటే తమిళంలో పిడికెడు బియ్యమే. ఆమె తేయాకు కొండల్లో పుట్టి, పెళ్లయి ఈ తీరానికొచ్చిన తమిళావిడ, పేరు రాజమ్మ. వాళ్ల కొండ గుడిలో తల్లి ఇట్లాగే పిడికెడు తీసేదట. ఇక్కడ అడిగేవాళ్లు లేక తాను మానుకుని నలభై ఏళ్లయిందట. ఇదంతా (మాకు తర్వాత తెలిసింది) ఆమె సింహళంలో ఫాదరుగారికి చెబుతూనే ముందుకు నడిచొచ్చింది. ఫాదరుగారు మెట్టు దిగి, రెండు చేతులూ చాచి మూట అందుకున్నారు. పళ్లెం పక్కకు జరిపి బల్ల నడుమ పెట్టారు.

అత్త వచ్చి నా పక్కన కూర్చుంది. పొద్దు ఇంకా గూకలేదు.

పాట

బయటికొస్తే వాకిట్లో ఇరవై జతల చెప్పులు. మా నాలుగు జతలు చూసి, ఈ రోజేదో ప్రత్యేకం కాబోలనుకొని, ఆలస్యంగా వచ్చిన వాళ్లంతా విడిచి వచ్చారట. ఎవరివి ఎవరివో వెతుక్కుంటూ ఒకటే నవ్వులు. వసారాలో టీ, పాలతో వండిన అన్నం ముక్కలు, అరటిపళ్లు పెట్టారు. ఫాదరుగారు మూట పట్టుకొని వచ్చి, దీన్ని మీ ఊర్లో ఏం చేస్తారని అడిగారు.

"పాట పెడతారని చెప్పు," అంది అత్త.

మా గుడిలో ఆరాధన కాగానే బియ్యమైనా, గుమ్మడికాయైనా, కోడైనా వేలానికి పెడతాం. పన్నెండేళ్లుగా ఆ వేలం వేసేది నేనే. ఇంకేం కావాలి? బెంచీ ఎక్కాను.

"కుసుమ వంటింటి ఎర్రబియ్యం! కొగ్గలలో తడిసి, గాలే కోట మీద ఎండి వచ్చినాయి! వంద రూపాయలు!"

"రెండు వందలు," అన్నాడు మా ఆయన తల గోక్కుంటూ. "ఐదు వందలు!" అని గేటు దగ్గర నుంచి కేక. నిమల్! పొద్దుటి నుంచీ నన్ను ఒక్క దుకాణానికైనా తీసుకుపోలేకపోయిన మనిషి, బౌద్ధుడు, కారు తాళం చెవి ఊపుతూ నిలబడ్డాడు. రాజమ్మ అతని వైపు ఎర్రగా చూసి ఆరు వందలంది. అతను ఏడన్నాడు. ఆమె ఎనిమిదంది. గుడి మొత్తం రెండు జట్లుగా చీలింది. స్నేహ నిమల్ జట్టు.

"ఏమప్పా నిమల్, తగ్గుతాండావే!" అని మా అత్త అరిస్తే, అర్థం కాకున్నా అతను ఇంకో వంద పెంచాడు.

రెండు వేల వంద దగ్గర నిమల్ రెండు చేతులూ ఎత్తేశాడు. ఒకటోసారి. రెండోసారి. మూడోసారి నాతో పాటు పిల్లలంతా అరిచారు. అర కేజీ కూడా లేని బియ్యం రాజమ్మ సొంతం.

ఆమె మూట తీసుకుంది. వసారా చివర బల్ల మీద పెట్టి, ముడి విప్పి, ఎవరూ చెప్పకుండానే ఒక పిడికెడు తీసి ఫాదరుగారి చేతిలో పోసింది. ఏదో అంది. మా ఆయన తర్జుమా చేశాడు.

"రేత్రికి ఇవే వండుకుంటాదంట. వండకముందే దేవునిది తీసిందంట. వచ్చే ఆదివారానికి."

మా అత్త ఆ పిడికెడు వైపు, రాజమ్మ వైపు, తర్వాత బెంచీ మీద ఇంకా నిలబడి ఉన్న నా వైపు చూసింది.

"సూస్తివా సుశీలా," అంది. "వచ్చే వారం మనమీడ లేకున్నా, నా బియ్యం ఈడ గుడికొస్తాయి."

వచ్చాయి. నిమల్ ఫోటో తీసి పంపాడు, బల్ల మీద చిన్న గిన్నె, గిన్నెలో ఎర్రబియ్యం. అదే పూట ఇక్కడ మా గుడిలో తెల్లబియ్యం మూటతో నా పక్కన కూర్చుని ఉంది ఆమె. ఆ ఆదివారం మా అత్త సువార్తమ్మ రెండు దేశాల్లో గుడికి పోయింది.